శెనక్కాయ పండే సీమలో శెనక్కాయ పడని పిల్లోడు

మిక్సీ జారు మూతకి లోపలి వైపు ఒక రబ్బరు వాషరు ఉంటుంది. మూడేళ్ల కిందటి వరకూ నేను దాన్ని ఊడదీసి కడిగిందే లేదు. ఆ రోజు పొద్దున మావాడికి కొబ్బరి చట్నీతో దోశ పెట్టాను. రెండో ముక్కకే పెదవి వాచింది, మెడ మీద దద్దుర్లు లేచాయి. కొబ్బరి, పప్పులు, పచ్చిమిర్చి, ఉప్పు. వీటిలో ఏదీ వాడికి కొత్త కాదు. డాక్టరు రాసిచ్చిన మందు వేసి, వాడు కుదుటపడ్డాక వంటింట్లో ఒక్కో సామానూ తీసి చూశాను. వాషరు సందులో పిన్నీసుతో గీకితే పిసరంత గోధుమరంగు ముద్ద వచ్చింది. రెండు రోజుల ముందు పెద్దవాళ్ల కోసం రుబ్బిన శెనక్కాయ చట్నీ. జారు మాత్రం తళతళా మెరుస్తోంది.

మాది అనంతపురం. అత్తగారి ఊరు కళ్యాణదుర్గం వైపు. వాన అంతంతమాత్రంగా పడే మా ఎర్రనేలల్లో శెనక్కాయ పాతుకుపోయింది, పొలంలో పండేది వంటింట్లోకి రాక మానదు. సంగటిలోకి ఊరుబిండి, ఇడ్లీలోకి చట్నీ, చిత్రాన్నంలో తాలింపు, గుత్తి వంకాయలోకి పొడి, పండక్కి బెల్లం ఉండలు, అన్నిటికీ గానుగ నూనె. కోస్తావాళ్లు వేరుశనగ అన్నా, తెలంగాణవాళ్లు పల్లీ అన్నా, కర్నూలువాళ్లు బుడ్డలు అన్నా గింజ ఒక్కటే.

మావాడికి పద్నాలుగో నెలలో మొదటిసారి తెలిసింది. అత్తమ్మ ఒళ్లో కూర్చోబెట్టుకుని సంగటి ముద్దకి కాస్త ఊరుబిండి అంటించి నోట్లో పెట్టింది. ఐదు నిమిషాల్లో ఒళ్లంతా దద్దుర్లు, వాంతి, ఆ వెంటనే దగ్గు, ఊపిరిలో పిల్లికూతలు. ఆసుపత్రిలో తొడకి ఒక సూది వేశారు. కాసేపటికే ఊపిరి దారిలోకి వచ్చింది. ఇంటికొచ్చాక అత్తమ్మ ఏడుస్తూ ఒకటే మాట: "తాతల కాలం నుంచి శెనక్కాయ తిని బతికిన ఇల్లు. పిల్లోనికి ఎట్ల పడకుండా పోతాది?"

ఆ ప్రశ్న నాకూ ఉండింది. దానికి జవాబు గింజలోనే మొదలవుతుంది. శెనక్కాయ పువ్వు పూశాక ఊడ నేలలోకి దిగుతుంది, కాయ మట్టిలో ఊరుతుంది. లోపలి గింజ, మొలక తన కాళ్ల మీద తాను నిలబడేదాకా తినడానికి తల్లి మొక్క కట్టిచ్చిన సద్ది. 100 గ్రాముల గింజల్లో సుమారు 25 గ్రాములు ప్రోటీనే. బిడ్డలకి బలమని మనం పెట్టేది దాని కోసమే, కొందరు బిడ్డలకి పడనిదీ అదే. ఈ మొక్క శాస్త్రీయ నామం అరాచిస్ హైపోజియా. హైపోజియా అంటే నేల కింద అని. ఎలర్జీ తెప్పించే ప్రోటీన్లకు ఆ పేరు నుంచే అరా హెచ్ 1, అరా హెచ్ 2 అని వరసగా పేర్లు పెట్టారు. వీటిలో అరా హెచ్ 2 గట్టి పిండం. గంధకం బంధాలతో ముడి మీద ముడి వేసుకుని ఉంటుంది కాబట్టి కడుపులోని ఆమ్లానికీ, జీర్ణరసాలకీ తొందరగా లొంగదు. మిగతా తిండి ముక్కలైపోతున్నా అది దాదాపు తన ఆకారంతోనే పేగు గోడ దాకా వెళ్తుంది.

మన రక్తంలో ఐజీఈ అనే యాంటీబాడీ ఉంటుంది. 1960ల్లో ఇషిజాకా దంపతులు అమెరికాలోనూ, యోహాన్సన్, బెన్నిచ్ అనే ఇద్దరు స్వీడన్‌లోనూ విడివిడిగా దీన్ని పట్టుకున్నారు. కడుపులో పురుగుల్లాంటి పరాన్నజీవులను ఎదుర్కోవడం దీని అసలు పని అంటారు. ఎలర్జీ ఉన్నవాళ్ల ఒంట్లో ఇది శెనక్కాయ ప్రోటీన్‌నే శత్రువనుకుని, చర్మంలో, పేగుల్లో, ఊపిరి గొట్టాల్లో ఉండే మాస్ట్ కణాల మీద కాపలా కూర్చుంటుంది. ఆ ప్రోటీన్ మళ్లీ వచ్చి పక్కపక్కనున్న రెండు ఐజీఈలకి ఒకేసారి తగులుకుందంటే చాలు, కణం తన సంచుల్లోని హిస్టమిన్ అనే రసాయనాన్ని ఒక్కసారిగా కుమ్మరిస్తుంది. దద్దుర్లు, వాపు, వాంతి, ఆయాసం, బీపీ పడిపోవడం, అన్నీ అక్కడి నుంచే.

మరి ఎన్నడూ తినని బిడ్డకి ఈ కాపలా ఎలా మొదలైంది? పసితనంలో మావాడి బుగ్గలు, మోచేతి మడతలు ఎండిపోయి పగిలేవి. డాక్టరు ఎగ్జిమా అన్నారు. శెనక్కాయ నూనె ఉన్న క్రీములు పూసిన పిల్లల్లో ఈ ఎలర్జీ ఎక్కువగా కనబడుతోందని 2003లో లండన్ డాక్టరు గిడియన్ ల్యాక్ బృందం రాసింది. పగిలిన చర్మం గుండా లోపలికి వెళ్లిన ప్రోటీన్‌ని ఒళ్లు శత్రువుగా గుర్తుపెట్టుకుంటుందనీ, నోటి గుండా వెళ్లినదాన్ని తిండిగా ఒప్పుకుంటుందనీ వాళ్ల వాదన. మా వరండాలో ఆ ఏడాది విత్తనం కోసం బస్తాలకొద్దీ కాయ ఒలిచాం. ఆ చేతులతోనే బిడ్డని ఎత్తుకున్నాం, గానుగ నూనెతోనే ఒళ్లు రుద్దాం. మావాడి విషయంలో ఇదే జరిగిందని ఎవరూ తేల్చలేరు. కానీ తాతల కాలం నుంచి తిన్న ఇంట్లో ఇది ఎలా సాధ్యమో అత్తమ్మకి చెప్పడానికి ఒక దారి దొరికింది. ఆమె వేసిన శాపమూ కాదు, నేను చేసిన తప్పూ కాదు.

చుట్టాలు తరచుగా అనే మాట, "ఒక్క గింజకేమైతుంది?" అర గ్రాము బరువున్న ఒక్క గింజలో ప్రోటీన్ నూటపాతిక మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. బాగా సున్నితమైనవాళ్లకు రెండు మూడు మిల్లీగ్రాములే చాలు. అంటే ఒక్క గింజని నలభై యాభై ముక్కలు చేస్తే అందులో ఒక్క ముక్క. వాషరు సందులో ఉన్నది అంతకంటే ఎక్కువే.

ఇంకొకటి, "బాగా వేయించినాం కదా, ఏమీ ఉండదు." సూక్ష్మజీవులకు పనికొచ్చే సూత్రం ఇక్కడ పనికిరాదు. పొడిగా వేయించినప్పుడు ప్రోటీన్లు చక్కెరలతో కలిసి రంగు, కమ్మని వాసన తెచ్చుకుంటాయి. ఆ మార్పు వల్ల ఐజీఈకి అవి ఇంకా గట్టిగా అతుక్కుంటాయని ప్రయోగశాలల్లో తేలింది. ఉడకబెడితే కొంత ప్రోటీన్ నీళ్లలోకి దిగి తీవ్రత తగ్గుతుంది. అంతమాత్రాన ఉడకేసిన కాయలు మావాడికి పెట్టొచ్చని కాదు.

నూనె సంగతి మా ప్రాంతంలో అందరూ తెలుసుకోవాలి. ఎలర్జీ నూనెకి కాదు, ప్రోటీన్‌కి. ఫ్యాక్టరీలో పూర్తిగా రిఫైన్ చేసిన శెనక్కాయ నూనెలో ప్రోటీన్ దాదాపు మిగలదు. 1997లో బ్రిటన్‌లో శెనక్కాయ ఎలర్జీ ఉన్న 60 మందికి రెండు రకాల నూనెలూ ఇచ్చి చూశారు. రిఫైన్డ్ నూనెతో ఒక్కరికీ ఏమీ కాలేదు, శుద్ధి చేయని నూనెతో ఆరుగురికి లక్షణాలు వచ్చాయి. గానుగ నూనె ఆరోగ్యానికి మంచిదని ఇప్పుడు మళ్లీ వీధికొక గానుగ వెలుస్తోంది. ఆ చిక్కని వాసన మాకూ ఇష్టమే. అయినా మా ఇంట్లోకి రానివ్వం. పొద్దుతిరుగుడు నూనె వాడుతున్నాం.

వాసన గురించి మాత్రం నేను అనవసరంగా భయపడ్డాను. పక్కింట్లో శెనక్కాయ వేయిస్తుంటే కిటికీలు మూసేదాన్ని. కమ్మని వాసన తెచ్చే పదార్థాలు వేరు, ప్రోటీన్ వేరు. వాసన పీల్చినంత మాత్రాన ప్రమాదం రాదు. కానీ కాయ కొట్టే చోట, పొట్టు చెరిగే చోట గాల్లో లేచే దుమ్ములో గింజ పొడి ఉంటుంది. కల్లం దగ్గరికి వాడిని తీసుకెళ్లం. చేతులు సబ్బుతో కడగాలి. ఉత్త నీళ్లతో పూర్తిగా పోదు, శానిటైజర్ అసలు పనిచేయదు. అది క్రిముల్ని చంపుతుందే తప్ప అంటుకున్న ప్రోటీన్‌ని తుడిచెయ్యదు. ఊరి నుంచి వచ్చినవాళ్లు వాడిని ఎత్తుకునే ముందు సబ్బు అందించడం మా ఇంట్లో మంచినీళ్లు ఇచ్చినంత మామూలైపోయింది.

వంట దగ్గర నాకు దిక్కు చూపించినవి పప్పులు, అదే పుట్నాలు. ఉగ్గాని మీద చల్లే పప్పుల పొడి మనకి ఎలాగూ ఉంది. గుత్తి వంకాయలోకి దానికే ఎండుకొబ్బరి, ధనియాలు, ఎండుమిరప కలిపి దంచితే పులుసు చిక్కబడుతుంది. ఒక్క జాగ్రత్త: పప్పులు నీళ్లు త్వరగా పీల్చుకుంటాయి, పులుసు పలచగా ఉన్నప్పుడే దించాలి. చిత్రాన్నంలో కరకరకి శనగపప్పు, మినప్పప్పు రెండింతలు వేస్తాను. సంగటిలోకి కాల్చిన టమోటా, పచ్చిమిర్చి, తెల్లగడ్డ, గుప్పెడు పప్పులు రోట్లో కచ్చాపచ్చాగా నూరితే అత్తమ్మ కూడా ఇంకో ముద్ద కలుపుకుంటోంది. నువ్వులు చాలామంది ప్రత్యామ్నాయం అంటారు. నువ్వులకీ కొందరికి గట్టి ఎలర్జీ ఉంటుంది కాబట్టి పరీక్ష చేయించాకే మొదలుపెట్టాం.

పేరు తెచ్చిన తంటా ఒకటుంది. శనగ, వేరుశనగ ఒకటే అనుకుని మా ఆడపడుచు కొన్నాళ్లు వాడికి బజ్జీలు, ఓళిగలు కూడా పెట్టలేదు. రెండూ చిక్కుడు కుటుంబానివే. కానీ శెనక్కాయ పడని పిల్లల్లో ఎక్కువమంది కందిపప్పు, శనగపప్పు నిక్షేపంగా తింటారు. శనగకి విడిగా ఎలర్జీ ఉండే వాళ్లూ ఉన్నారు, అది వేరే లెక్క. తినగలిగేదాన్ని భయంతో మాన్పించడం కూడా పిల్లలకి నష్టమే.

రక్త పరీక్ష కాగితం చూసి బెంగపడేవాళ్లకి మన పక్కనే జరిగిన ఒక సర్వే చెప్పాలి. బెంగళూరు, మైసూరుల్లో పెద్దవాళ్ల మీద చేసిన యూరోప్రివాల్ అధ్యయనంలో 26.5 శాతం మందికి ఏదో ఒక తిండి మీద ఐజీఈ కనబడింది. లక్షణాలతో సరిపోలి, ఎలర్జీ ఉందనదగ్గవాళ్లు 1.2 శాతమే. పరీక్షలో పాజిటివ్ రావడం వేరు, తింటే ఒంటికి పడకపోవడం వేరు. తిన్నాక ఏం జరిగిందో వినకుండా పెద్ద జాబితా ఇచ్చి అన్నీ మానెయ్యమంటే ఇంకో డాక్టరుని అడగండి. ఐజీజీ (ఇది ఐజీఈ కాదు, ఇంకో రకం యాంటీబాడీ) ప్యానెల్ అని వేలకి వేలు తీసుకునే పరీక్షలు దీనికి పనికిరావు.

మన దేశంలో 2020 లేబులింగ్ నిబంధనల ప్రకారం ప్యాకెట్ తిండిలో శెనక్కాయ ఉంటే స్పష్టంగా రాయాలి. గ్రౌండ్‌నట్, పీనట్, అరాచిస్, ఏ పేరున్నా ఒకటే. హోటల్లో లేబులు ఉండదు. ఖర్చు తగ్గించుకోవడానికి జీడిపప్పు స్వీట్లలో శెనక్కాయ పొడి కలిపేవాళ్లూ ఉంటారు. ఉగ్గాని బండి దగ్గర "అన్నా, శెనక్కాయ వేసినారా?" అని అడిగితే లేదనే అంటాడు, కానీ చట్నీ గరిటె శెనక్కాయ చట్నీలోదే. స్కూల్లో 2020 నుంచి మధ్యాహ్న భోజనంలో చిక్కీ ఇస్తున్నారు. మిగతా పిల్లలకి అది నిజంగా మంచి తిండి. దాన్ని ఆపమని నేను అడగలేదు. మావాడి వంతు చిక్కీ వాడి చేతికి ఇవ్వొద్దనీ, పిల్లలు తిన్నాక సబ్బుతో చేతులు కడిగించమనీ టీచరమ్మని అడిగాను. పెన్సిల్ నోట్లో పెట్టుకునే వయసు కదా.

ఇక సూది గురించి. దద్దుర్లకి సెట్రిజిన్ లాంటి మాత్ర చాలు. ఊపిరి ఆడకపోయినా, గొంతు బొంగురుపోయినా, పదే పదే వాంతులైనా, బిడ్డ సోలిపోతున్నా మాత్ర కోసం చూడకూడదు. ప్రాణం నిలబెట్టేది అడ్రినలిన్. తొడ బయటి వైపు కండలోకి, కిలో బరువుకి 0.01 మిల్లీగ్రాము. విదేశాల్లో దొరికే పెన్నులాంటి సూది మన మందుల షాపుల్లో సులభంగా దొరకదు. మా డాక్టరు ఆంప్యూల్ (మందు ఉండే చిన్న గాజు సీసా), సిరంజి రాసిచ్చి, ఎంత ఎక్కించాలో సిరంజి మీద గీత గీసి, నాచేతా మా ఆయనచేతా నీళ్లతో పదిసార్లు చేయించారు. ఎవరికివారు చేసుకునే పని కాదిది, నేర్పించుకోవాలి. వేశాక పడుకోబెట్టి కాళ్లు ఎత్తులో ఉంచి 108కి ఫోన్ చెయ్యాలి. ఆయాసంగా ఉంటే కూర్చోనివ్వాలి గానీ లేపి నడిపించకూడదు. తగ్గిందని ఇంటికి వచ్చేయకూడదు, కొన్ని గంటల తర్వాత మళ్లీ తిరగబెట్టొచ్చు. ఈ మందు ఎండకీ వెలుతురుకీ పాడవుతుంది. మా ఊరి ఎండల్లో బండి డిక్కీలో పెడితే అంతే సంగతులు. మందు గులాబీ రంగుకో, గోధుమరంగుకో తిరిగితే పారెయ్యాలి.

రెండో కాన్పులో పాప పుట్టినప్పుడు అసలు టెన్షన్ మొదలైంది. దానికీ బుగ్గల మీద ఎగ్జిమా. ఒకప్పుడు ఇలాంటి పిల్లలకి మూడేళ్లు నిండేదాకా శెనక్కాయ పెట్టొద్దని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2000లో చెప్పింది, 2008లో ఆ మాట వెనక్కి తీసుకుంది. 2015లో గిడియన్ ల్యాక్ బృందం లీప్ అధ్యయనం ఫలితాలు వచ్చాయి. ఎగ్జిమా ఎక్కువగా గానీ, గుడ్డు ఎలర్జీ గానీ ఉన్న 640 మంది పసివాళ్లను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి శెనక్కాయ మాన్పించారు, ఇంకో గుంపుకి ఏడాదిలోపే మొదలుపెట్టి వారం వారం పెట్టారు. ఐదేళ్ల వయసుకి మానేసినవాళ్లలో 17.2 శాతానికి ఎలర్జీ వచ్చింది, తిన్నవాళ్లలో 3.2 శాతానికే. అదే పిల్లల్ని పన్నెండు, పదమూడేళ్ల వయసులో చూసినా తేడా నిలిచే ఉందని 2024లో ప్రకటించారు.

అన్నకి విషమైనదాన్ని చెల్లికి మందులా పెట్టాలి, అదీ ఒకే ఇంట్లో. ముందు పరీక్ష చేయించి, మొదటి చెంచా ఆసుపత్రిలోనే డాక్టరు ముందర పెట్టాం. గింజలు కాదు, గొంతుకి అడ్డం పడతాయి, ఐదేళ్లలోపు పిల్లలకి గింజ ఇవ్వనేకూడదు. మెత్తగా నూరి గోరువెచ్చని నీళ్లలో జావలా కలిపిన ముద్ద. ఏమీ కాలేదు. అప్పటి నుంచి వారానికి మూడు రోజులు, వాడు స్కూలుకి వెళ్లాక, అత్తమ్మ పాపని చంకనేసుకుని ఎదురింటికి వెళ్తుంది. అక్కడే ఒక గిన్నె, ఒక చెంచా, ఒక టవలు ఉంచాం. తినిపించి, పాప మూతీ చేతులూ సబ్బుతో కడిగి, గౌను మార్చి, తన చీర కొంగు కూడా ఒకసారి చూసుకుని గడప దాటి వస్తుంది.