జీఐ ట్యాగ్ వస్తే రైతు చేతికి డబ్బు వస్తుందా?

ఒక ప్రాంతం పేరుతో పేరుపడ్డ సరుకుకు ఆ పేరు మీద ఇచ్చే రక్షణే భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ట్యాగ్. రైతు సంఘాల కోసం దాని దరఖాస్తులు, నిబంధనలు రాయడం నా పని. కొత్త సంఘంతో కూర్చున్న ప్రతిసారీ ఈ మాటలే వింటాను.

అపోహ: ట్యాగ్ వచ్చిందంటే ధర పెరిగినట్టే.

వాస్తవం: ట్యాగ్ పేరు మీద హక్కు ఇస్తుంది, అంతే. మంచి సరుకేదో, నాసిదేదో పోల్చుకోలేని కొనుగోలుదారు అన్నిటికీ సగటు ధరే ఇస్తాడు. దాంతో ఖర్చు పెట్టి మంచిది పండించేవాడే ముందు నష్టపోతాడు. 1970లో ఆర్థికవేత్త జార్జ్ అకెర్లాఫ్ పాత కార్ల ఉదాహరణతో చెప్పింది ఇదే. ప్రాంతం పేరు ఈ చిక్కు తీర్చాలంటే దాని వెనక తనిఖీ ఉండాలి. ఒకరు నాసి సరుకు అమ్మినా పేరు పోయేది అందరిదీ.

అపోహ: పెరిగిన ధర రైతుకే చేరుతుంది.

వాస్తవం: నాకు ఎక్కువ బాధ కలిగించే అపోహ ఇదే. మెక్సికో మద్యం టెకీలా పేరుకు 1974 నుంచి రక్షణ ఉంది. కానీ దానికి వాడే నీలి కిత్తలి కోతకు రావాలంటే ఆరేడేళ్లు పడుతుంది. ధర బాగున్నప్పుడు అందరూ నాటుతారు, పంటంతా ఒకేసారి వచ్చేసరికి ధర పడిపోతుంది. సీసా మీది పేరు భద్రంగానే ఉంది, రైతు టెన్షన్ మాత్రం తీరలేదు.

ఫ్రాన్స్‌లోని కోంతే చీజ్ కథ వేరు. అక్కడ పాలు పోసే రైతులకే చాలావరకు సొంత సహకార డెయిరీలు ఉన్నాయి. పశువులకు సైలేజ్ (పులియబెట్టి నిల్వ చేసిన పచ్చిమేత) పెట్టకూడదు, చీజ్‌ను కనీసం 120 రోజులు మాగబెట్టాలి. ఎంత తయారు చేయాలో కూడా ఉత్పత్తిదారుల సంఘమే ప్రణాళిక వేస్తుంది. ఇలాంటి చీజ్‌ల సరఫరాను అదుపు చేసుకోవడానికి 2012లో ఐరోపా చట్టం వీలు కల్పించింది. అందుకే అక్కడి పాలకు మామూలు పాలకంటే మంచి ధర పలుకుతోంది. లేబుల్ ఒకలాంటిదే, బేరమాడే బలం ఎవరి చేతిలో ఉందన్నదే తేడా.

ఇంకో మాట. పేరున్న ప్రాంతంలో భూమిని పెంచలేం కాబట్టి, అదనపు ఆదాయంలో కొంత భూమి ధరలోకి, కౌలులోకి జారిపోతుంది. కౌలు రైతుకు మిగిలేది తక్కువ.

అపోహ: నిబంధనలు ఎంత కఠినమైతే అంత మేలు.

వాస్తవం: రుచికి, నాణ్యతకు సంబంధం లేని ప్రతి షరతూ చిన్న రైతును బయటికి నెడుతుంది. ఖరీదైన యంత్రం తప్పనిసరి అని రాయబోతుంటే నేను అక్కడే ఆపుతాను.

అపోహ: ఒకచోట నమోదైతే ప్రపంచమంతా చెల్లుతుంది.

వాస్తవం: చెల్లదు. ఐరోపా సమాఖ్యలో ఫెటా అన్న పేరు గ్రీసు చీజ్‌కే సొంతం. అమెరికాలో తయారైన చీజ్ అక్కడ అదే పేరుతో అమ్ముడవుతోంది. ఎగుమతి చేయాలంటే ఏ దేశపు మార్కెట్‌కు ఆ దేశంలో రక్షణ చూసుకోవాలి. ఆ ఫీజులు, లాయర్ల ఖర్చు ఎవరు భరిస్తారో దరఖాస్తుకు ముందే సంఘం తేల్చుకోవాలి.