మచ్చ ఎర్రబడితే మందు మానాలా?

కుష్టు వ్యాధికి మందులు మొదలుపెట్టిన రెండు మూడు నెలలకు, అంతవరకూ పాలిపోయి స్పర్శ లేకుండా ఉన్న చెంప మీది మచ్చ ఉన్నట్టుండి ఎర్రబడి, ఉబ్బి, చెయ్యి వేస్తే వేడిగా తగులుతుంది. మందు పడలేదనుకుని రోగి మాత్రల అట్టను అటకెక్కిస్తాడు. నిజానికి ఆ ఎరుపు మందు వికటించిందనడానికి గుర్తు కాదు. చర్మంలోనూ నరాల్లోనూ దాగిన బాక్టీరియాను, దాని శకలాలను శరీరపు రోగనిరోధక శక్తి గుర్తుపట్టి ఎదిరిస్తోందని అర్థం. దీనినే లెప్రా రియాక్షన్ అంటారు.

ఇందులో మొదటి రకం పాత మచ్చలనే రగిలిస్తుంది. అసలు ప్రమాదం మచ్చకు కాదు, నరానికి. మోచేతి వెనుక ఎముక గాడిలో నడిచే నరం వాచినప్పుడు, ఆ ఇరుకు చోటులో నలిగి, చిటికెన వేలు క్రమంగా వంకరపోతుంది. అందుకే రోగిని కళ్లు మూసుకోమని, బాల్ పెన్ను మొనతో అరచేతిని మెల్లగా తాకి, తాకిన చోటు చూపమంటారు. చిటికెన వేలిని పక్కకు చాచి బిగించమని, దానిని వేలితో లోపలికి నెట్టి చూస్తారు. రెండు నిమిషాల ఈ పరీక్షకు ఖరీదైన యంత్రాలేమీ అక్కర్లేదు. గత ఆరు నెలల లోపు తగ్గిన స్పర్శ, బలం వాపును అణచే స్టెరాయిడ్ మందు ప్రెడ్నిసోలోన్‌తో తిరిగి రావడానికి అవకాశం ఉంటుంది. సాధారణంగా రోజుకు 40 మి.గ్రా.తో మొదలుపెట్టి, వైద్యుని పర్యవేక్షణలో కొన్ని నెలల పాటు మెల్లగా తగ్గిస్తారు. అసలు కుష్టు మందులు మాత్రం ఆపరు.

రెండో రకం బాక్టీరియా ఎక్కువగా ఉన్నవారికి వస్తుంది. పాత మచ్చలను వదిలి, మామూలుగా కనిపించే చర్మంలో నొప్పి పెట్టే ఎర్రని కణుపులు, అంటే చిన్న గడ్డలు, గుంపులుగా లేస్తాయి. జ్వరం, కీళ్ల నొప్పులు, కంటి ఎరుపు, వృషణాల వాపు తోడవుతాయి. ఒక్కోసారి కణుపులు బొబ్బలెక్కి, నల్లబడి, పుండ్లవుతాయి. మరోసారి చర్మం మీద పెద్దగా ఏమీ లేకుండానే జ్వరమూ కీళ్ల నొప్పులూ ముందు రావడంతో టైఫాయిడ్‌గానో కీళ్లవాతంగానో పొరబడతారు. అలాంటప్పుడు దళసరి చెవి తమ్మెలు, రాలిన కనుబొమలు, వేడి గిన్నె తగిలి కాలినా తెలియని వేళ్లు అసలు సంగతి చెబుతాయి.

ఈ రకానికి ప్రెడ్నిసోలోన్‌తో పాటు, కుష్టు మందుల్లోనే ఒకటైన, పనిచేయడానికి వారాలు పట్టే క్లోఫాజిమైన్‌ను అధిక మోతాదులో కూడా వాడతారు. మూడో మందు థాలిడోమైడ్. గర్భస్థ శిశువుల అవయవాలను దెబ్బతీసినందుకు 1961లో మార్కెట్ నుంచి తొలగించడం మొదలైన ఈ మందును, 1964లో జెరూసలేంలో జాకబ్ షెస్కిన్ అనే వైద్యుడు నొప్పితో నిద్రపట్టని రోగికి కేవలం నిద్ర కోసం ఇస్తే, కణుపులే తగ్గిపోయాయి. గర్భం దాల్చే అవకాశం ఉన్న స్త్రీల విషయంలో ఆ పాత ప్రమాదం నేటికీ అంతే.

మెక్సికోలో 1852లో లూసియో, అల్వరాడో అనే వైద్యులు వర్ణించిన మరో రకం రియాక్షన్‌లో బాక్టీరియా రక్తనాళాల గోడలనే ఆక్రమించడంతో చర్మం ఊదారంగు తిరిగి, చచ్చి, అంచులు చీలిన పుండ్లు పడతాయి. మన దేశంలో ఇది చాలా అరుదు.

వెంటనే ఆపవలసిన మందు కూడా ఒకటుంది. కుష్టు మందుల్లో ఒకటైన డాప్సోన్ మొదలుపెట్టిన నాలుగు నుంచి ఆరు వారాలకు, పాత మచ్చలతో సంబంధం లేకుండా ఒళ్లంతా దద్దుర్లు, జ్వరం, గ్రంథుల వాపు, కామెర్లు కనిపిస్తే అది లెప్రా రియాక్షన్ కాదు, ప్రాణాంతకం కాగల డాప్సోన్ ఎలర్జీ. హెచ్‌ఎల్‌ఏ-బి 13:01 అనే జన్యురూపం ఉన్నవారికి ఈ ముప్పు ఎక్కువని 2013లో చైనాలో తేలింది. డాప్సోన్ ఆపి, రోగిని ఆసుపత్రిలో చేర్చాలి. మిగతా చికిత్సను ఎలా సాగించాలో వైద్యుడే నిర్ణయిస్తాడు. క్లోఫాజిమైన్ తెచ్చే చర్మపు నలుపు మాత్రం ఎలర్జీ కాదు; నలుగురిలోకి వెళ్లడానికి రోగి పడే ఇబ్బంది నిజమే గానీ, మందు ముగిశాక ఆ రంగు నెలల మీద, ఒక్కోసారి ఏళ్ల మీద తగ్గుతుంది.

రియాక్షన్లు చికిత్స పూర్తయిన తర్వాత కూడా, కొన్నేళ్లకైనా రావచ్చు. కాబట్టి చివరి మాత్రల అట్ట చేతికిచ్చే రోజునే, కొత్తగా ఎర్రని కణుపులు లేచినా, చేతికో కాలికో తిమ్మిరి పట్టినా, కాలి చెప్పు జారిపోయిన సంగతి తెలియకపోయినా ఆ వారంలోనే తిరిగి రావాలని రోగికీ ఇంట్లోవారికీ చెప్పి పంపాలి.