కొత్తపట్నం తుంపర గాల్లో ఎందుకు తేలింది

ఒంగోలుకు తూర్పున కొత్తపట్నం తీరంలో ఒక పొద్దున వేటకు పోతున్న పడవను రెండు ఫిల్ము కెమెరాలతో ఒకేసారి తీశాను. రెండూ ఒకే మోడలు. ఒక పట్టీ మీద పక్కపక్కనే బిగించి, రెండు చేతులతో రెండు బటన్లూ నొక్కాను. ఎడమ బొమ్మ ఎడమ కంటికి, కుడి బొమ్మ కుడి కంటికి చూపిస్తే దృశ్యం లోతుతో సహా నిలబడాలి. నిలబడింది కూడా. ఇసుక, మోకులు, పడవ ఎక్కడివక్కడే ఉన్నాయి. నీళ్లే చెడిపోయాయి. పడవ ముక్కుకు కొట్టుకుని లేచిన తుంపరలో కొన్ని చుక్కలు పడవకు చాలా వెనక వేలాడుతున్నాయి, కొన్ని నా ముఖం మీదికి వస్తున్నాయి.

మన రెండు కళ్ల మధ్య దూరం సుమారు 6.5 సెంటీమీటర్లు. అందుకే ఒకే వస్తువు రెండు కళ్లకూ కాస్త వేరువేరు చోట్ల కనబడుతుంది. దగ్గరి వస్తువుకు ఆ తేడా ఎక్కువ, దూరపుదానికి తక్కువ. ఈ తేడాతోనే లోతు తెలుస్తుందని బ్రిటిష్ శాస్త్రవేత్త చార్లెస్ వీట్‌స్టన్ 1838లో చూపించాడు. అప్పటికి ఫొటోగ్రఫీ ఇంకా లోకానికి వెల్లడి కాలేదు, ఆయన చేత్తో గీసిన జంట బొమ్మలే వాడాడు. కదలనివాటికి ఒక్క కెమెరా చాలు. నెల్లూరు రంగనాథస్వామి గోపురాన్ని ఒకసారి తీసి, కెమెరాను పక్కకు జరిపి మళ్లీ తీస్తే సరిపోతుంది. సముద్రం అలా ఆగదు.

నా కెమెరాల లెన్సుల మధ్య దూరం 14 సెంటీమీటర్లు. కుడి కెమెరా సెకనులో యాభయ్యో వంతు, అంటే 20 మిల్లీసెకన్లు, ఆలస్యమైందనుకోండి. సెకనుకు 3.5 మీటర్ల వేగంతో ఎడమ నుంచి కుడికి ఎగిరే చుక్క ఆలోపు 7 సెంటీమీటర్లు జరుగుతుంది. ఆలస్యం సంగతి మెదడుకు తెలియదు. తేడా ఏదైనా దాన్ని దూరం కిందే జమకట్టుకుంటుంది. లెక్క వేస్తే 10 మీటర్ల దూరంలో ఉన్న ఆ చుక్క 20 మీటర్ల దూరంలో కనబడాలి. అదే వేగంతో ఎదురు దిక్కుకు ఎగిరిన చుక్క 6.7 మీటర్లకు వచ్చేస్తుంది. నిట్టనిలువుగా లేచే చుక్క లోతును మార్చదు గానీ, రెండు బొమ్మల్లో ఎత్తు కలవక కళ్లు లాగుతాయి.

కెమెరా లేకుండానే ఈ పొరపాటును ఇంట్లో చూడొచ్చు. దారానికి ఒక బరువు కట్టి, ఎదురుగా అటూ ఇటూ ఊగనిచ్చి, ఒక కంటికి మాత్రం చలువ కళ్లద్దం అడ్డుపెట్టుకుని రెండు కళ్లతో చూడండి. బరువు కోడిగుడ్డు ఆకారంలో చుట్టూ తిరుగుతున్నట్టు ఉంటుంది. మసక వెలుతురు అందుకున్న కంటి కబురు మెదడుకు కాస్త ఆలస్యంగా చేరడమే కారణం. 1922లో దీన్ని వివరించిన జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ పుల్‌ఫ్రిష్‌కు ఒక కంటి చూపు లేదు. తాను స్వయంగా చూడలేని దాని గురించి ఆయన అంత వివరంగా రాశాడన్నది నాకు ఎప్పుడు తలచుకున్నా ఆశ్చర్యమే.

ఇక మందు సంగతి. కెమెరా బటన్‌ను వేలికి బదులు నొక్కే తీగను కేబుల్ రిలీజ్ అంటారు. ఒక్క నొక్కుతో రెండు పిన్నులు బయటికొచ్చే జంట కేబుల్ రిలీజ్ ఉంటుంది. ఒక పిన్ను ఎంత ముందుండాలో మరతో సవరించుకోవచ్చు. ఒంగోలులో స్టూడియో నడిపి మానేసిన పెద్దాయన ఒకరు కళ్లు మూసుకుని, వెలుతురును ఫిల్ము మీదికి క్షణంపాటు వదిలే షట్టర్ల చప్పుడు విని, "రెండు వినపడతుండాయి అబ్బాయా" అనేవారు. మర తిప్పేవాణ్ణి. కొన్ని మిల్లీసెకన్ల తేడాను చెవి పట్టేస్తుంది. రెండు టప్పులూ ఒక్క టప్పు అయ్యాక చెవి పని అయిపోయింది.

ఆ తర్వాత, మిగిలిన తేడాను కొలవడానికి పాత డబ్బా టీవీ. దాని తెర మీద బొమ్మ ఒక్కసారిగా రాదు, పైనుంచి కిందికి గీత వెంట గీత పడుతుంది. గీతకు 64 మైక్రోసెకన్లు, తెర ఒకసారి దిగడానికి 20 మిల్లీసెకన్లు. రెండు కెమెరాల షట్టర్లనూ సెకనులో వెయ్యో వంతుకు (1/1000) పెట్టి ఆ తెరను తీస్తే, ఒక్కోదాంట్లో వెలుగు పట్టీ ఒకటి ఏటవాలుగా పడుతుంది. రెండు పట్టీలు తెర ఎత్తులో పదో వంతు ఎడంగా ఉంటే తేడా సుమారు రెండు మిల్లీసెకన్లు. పారేయబోతున్న టీవీ ఇంత నికార్సైన గడియారమని ఎవరనుకుంటారు! మొదటి కొన్ని క్లిక్కులు మాత్రం ఫిల్ము లేకుండానే కొట్టాలి. ఊరికే పడున్న షట్టర్లు మొదట బద్ధకిస్తాయి.

లెన్సుల మధ్య దూరం తగ్గించడానికి రెండు కెమెరాలనూ నిలువుగా తిప్పి అడుగు భాగాలు కలిపి బిగించమని కొందరంటారు. గుడ్డ తెర అడ్డంగా నడిచే పాత షట్టర్లకు అది నా దృష్టిలో తప్పు. అలా పెడితే దృశ్యం మీద ఒక తెర పైకి, రెండోది కిందికి నడుస్తాయి. తెర ఫిల్మును దాటడానికి పది మిల్లీసెకన్లకు పైనే పడుతుంది. రెండూ ఒకేసారి బయలుదేరినా నడిమధ్య తప్ప ఎక్కడా కలవవు.

రెండో రీలు చెన్నై నుంచి కడిగించి తెప్పించాను. మిగిలిన తేడా రెండు మిల్లీసెకన్లు. అంటే అదే చుక్క అర మీటరు మాత్రమే తప్పాలి. చూసేపెట్టెలో పెట్టి చూశాను. తుంపర పడవ ముక్కు దగ్గరే ఉంది. దాని వెనక, తడిసిన చొక్కాతో తెడ్డు పట్టుకున్న మనిషి, ఆయన వెనక ఇంకో అల.