20 మిల్లీవోల్టులతో సర్క్యూట్ మేల్కొనేదెలా?

ఒంటి వేడితో వాచీ నడుస్తుందా అని ఒక పాఠకుడు అడిగారు. నడుస్తుంది. 1998లోనే సీకో సంస్థ థర్మిక్ అనే వాచీని అలా నడిపించింది. వేడి తేడా నుంచి కరెంటు పుట్టడం 1821లో శాస్త్రవేత్త సీబెక్ ప్రయోగాలతో బయటపడ్డ సంగతే. అసలు చిక్కంతా ఆ తర్వాతే.

వేడి తేడాను కరెంటుగా మార్చే పదార్థం బిస్మత్ టెల్యురైడ్. దాని ముక్కల జంటలు 127 ఉన్న పలకకు, ఒక డిగ్రీ తేడాకి వచ్చేది దాదాపు 50 మిల్లీవోల్టులు. చేతి మీద ఆ ఒక్క డిగ్రీ నిలవడమే గొప్ప. మామూలు సిలికాన్ ట్రాన్సిస్టర్ తెరుచుకోవాలంటే, అంటే కరెంటును పోనివ్వాలంటే, 600 మిల్లీవోల్టులు కావాలి. వోల్టేజీ పెంచే సర్క్యూట్ పెడదామంటే అందులో ఉన్నదీ ట్రాన్సిస్టరే! పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు. కరెంటును ఒకే వైపు పోనిచ్చే డయోడు దగ్గర పోయే 0.7 వోల్టులను పట్టించుకోవద్దని క్లాసుల్లో చెప్పేస్తుంటారు. ఇక్కడ మన దగ్గరున్నది అందులో పదో వంతు కూడా కాదు.

తలుపు తోసే బలం లేనప్పుడు ముందే తెరిచి ఉన్న తలుపు వెతుక్కోవాలి. డిప్లీషన్ మాస్‌ఫెట్ అనే ట్రాన్సిస్టర్ అలాంటిదే. దాన్ని అదుపు చేసే కాలైన గేటు మీద సున్నా వోల్టులున్నా కరెంటు పారుతుంది, మూయాలంటేనే రుణ వోల్టేజీ కావాలి. దీనికి వరసగా 1:100 ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీని (మొదటి తీగచుట్టను), గేటుకు సెకండరీని (వంద రెట్లు చుట్లున్న రెండో తీగచుట్టను) కలుపుతారు. ప్రైమరీలో కరెంటు పెరుగుతున్నంతసేపూ సెకండరీ గేటును ఇంకా తెరుస్తుంది. పెరుగుదల ఆగగానే వోల్టేజీ పడిపోయి, తిరగబడి, గేటును మూసేస్తుంది. తర్వాత మళ్లీ మొదలు.

ఊయలలో పిల్ల సరైన క్షణంలో కాళ్లు చాపి ఊపు పెంచుకోవడం లాంటిదిది. మొదటి కదలికకు కరెంటు తగిలిన కుదుపు చాలు. కానీ ఒక్కో ఊపులో వచ్చేది పోయేదానికన్నా ఎక్కువ కావాలి, లేకపోతే ఊయల ఆగిపోతుంది. ఇక్కడ తాడు రాపిడి లాంటిది చుట్ల నిరోధం. 0.1 ఓమ్ ఉన్నా, 50 మిల్లీఆంపుల దగ్గర 5 మిల్లీవోల్టులు పోతాయి. అంటే మన 20 మిల్లీవోల్టుల్లో నాలుగో వంతు! అయినా ఎల్‌టీసీ3108 అనే చిప్ ఈ పద్ధతిలోనే 20 మిల్లీవోల్టులకు నిద్ర లేస్తుంది. నాకైతే ఇది ఎప్పటికీ అద్భుతమే.

అయస్కాంతాలతో ఉచిత కరెంటు అనే వీడియోలను నమ్మేవారు ఒకటి గమనించాలి. వోల్టేజీ వంద రెట్లయితే కరెంటు వందో వంతుకన్నా తగ్గుతుంది. కొత్తగా శక్తేమీ పుట్టదు.

చేతికందేది 100 మైక్రోవాట్లు అనుకుందాం. ఆరు సెకన్లు కెపాసిటర్‌లో కూడబెడితే 600 మైక్రోజౌళ్లు, అంటే 60 మిల్లీవాట్ల రేడియో 10 మిల్లీసెకన్లు మాట్లాడటానికి సరిపడా. అదే కెపాసిటర్ 3 వోల్టుల దగ్గర 30 మైక్రోఆంపులు లీకైతే 90 మైక్రోవాట్లు అక్కడే ఆవిరి. అందుకే కెపాసిటర్ ఎంచుకునేటప్పుడు దాని సైజుకన్నా ముందు లీకేజీ అంకె చూడండి.