పెల్లెట్ స్టవ్: అపోహలు, వాస్తవాలు (రోజూ వాటిని విప్పి బిగించేవాడి మాట)

అక్టోబర్ వచ్చిందంటే నా ఫోన్ ఆగదు. నేను అమెరికాలోని న్యూ హాంప్‌షైర్‌లో స్టవ్‌లు, ఫైర్‌ప్లేస్‌లు బిగించే షాపులో టెక్నీషియన్‌ని, నేషనల్ ఫైర్‌ప్లేస్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల పెల్లెట్ సర్టిఫికెట్ ఉంది. ఈ పనిలో తెలుగోళ్లు పెద్దగా కనపడరు కాబట్టి బోస్టన్ చుట్టుపక్కల నుంచి కూడా "అన్నా, ఇల్లు కొన్నాం, హాల్లో పెల్లెట్ స్టవ్ ఒకటి వదిలేసి వెళ్లారు, ఆన్ చెయ్యొచ్చా" అని అడుగుతుంటారు. ఇటువైపు చాలా ఇళ్లకి గ్యాస్ లైన్ లేదు, ఇల్లు వెచ్చగా ఉంచడానికి బేస్‌మెంట్‌లో ఆయిల్ ట్యాంకే దిక్కు, జనవరి ఆయిల్ బిల్లు చూశాక ఎవరి చూపైనా ఆ స్టవ్ మీదికే పోద్ది, అందులో తప్పేం లేదు. కానీ అందరూ ఒకే రకం తప్పులు చేస్తున్నారు, ఫోన్లో చెప్పిందే చెప్పలేక ఇక్కడ రాస్తున్నా.

కొత్తవాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. పెల్లెట్ అంటే రంపపు పొట్టుని గట్టిగా అదిమి తీసిన గుళిక, దాదాపు పావు అంగుళం లావు, చెక్కలో ఉండే లిగ్నినే జిగురులా పనిచేస్తది. 40 పౌండ్ల బస్తాల్లో అమ్ముతారు, 50 బస్తాలైతే ఒక టన్ను. స్టవ్ పైన హాపర్ అనే డబ్బాలో పోస్తే ఆగర్ అనే మర తిరుగుతూ కొంచెం కొంచెంగా బర్న్ పాట్‌లోకి, అంటే అవి మండే గిన్నెలోకి తోస్తది, ఇగ్నైటర్ వెలిగిస్తది, ఒక ఫ్యాన్ పొగని బయటికి లాగుతది, ఇంకో ఫ్యాన్ వేడి గాలిని గదిలోకి కొడతది. 1970ల ఆయిల్ సంక్షోభం తర్వాత, 1980ల్లో వాషింగ్టన్ రాష్ట్రంలో జెర్రీ విట్‌ఫీల్డ్ అనే ఇంజినీరు ఇళ్లలో వాడే ఈ స్టవ్‌ని తయారుచేశాడు.

అపోహ: ఇది మన పొట్టు పొయ్యే, పొగ దాని దారిన అదే పోద్ది

మా అమ్మమ్మ వాళ్లింట్లో పొట్టు పొయ్యి ఉండేది. రేకు డబ్బా మధ్యలో సీసా నిలబెట్టి, చుట్టూ సామిల్లు నుంచి తెచ్చిన పొట్టు కూరి కూరి, సీసాని మెల్లగా తిప్పుతూ పైకి లాగితే నిలువునా బొక్క పడేది, కింద నుంచి ఒక పుల్ల వెలిగించి పెడితే గంటల తరబడి మండేది. దానికి ఫ్యాన్ లేదు, పైపు లేదు, వంటిల్లు పెంకుటిల్లు కాబట్టి పొగ ఏ సందులోంచో పోయేది.

ఇక్కడ ఇల్లు మొత్తం సీల్ చేసి ఉంటది, స్టవ్‌లో పొగని ఫ్యాన్ తోస్తది. ఈ తేడా అర్థమైతే సగం సేఫ్టీ అర్థమైనట్టే. ఆ ఫ్యాన్ మంట ఉన్న పెట్టెలోంచి లాగి వెంట్ పైపులోకి నెడుతుంది, అంటే పెట్టె లోపల పీడనం గదికన్నా తక్కువ, పైపు లోపల గదికన్నా ఎక్కువ. తలుపు గ్యాస్కెట్ (అంచు చుట్టూ ఉండే సీలు) లీకైతే గాలి రాకూడని చోట నుంచి లోపలికి దూరి మంట మందగిస్తది. అదే పైపు జాయింటు లీకైందనుకోండి, పొగ నేరుగా మీ హాల్లోకే వస్తది. కట్టెల పొయ్యి పైపులో చిన్న సందు ఉన్నా చాలావరకు గాలి లోపలికే పోద్ది, ఇక్కడ అది రివర్సు.

అందుకే దీనికి పీఎల్ వెంట్ అనే రెండు గోడల పైపే వాడాలి, జాయింట్లని కంపెనీ చెప్పినట్టు హై టెంపరేచర్ సిలికాన్‌తో గానీ దాని సొంత సీల్‌తో గానీ మూయాలి. గ్యాస్ వాటర్ హీటర్‌కి వాడే బీ వెంట్ పనికిరాదు, మామూలు జింకు రేకు పైపు అసలే పనికిరాదు. ఒక ఇంట్లో బట్టల డ్రయ్యర్ వెనక ఉండే మడతల అల్యూమినియం గొట్టం తగిలించారు, హోస్ క్లాంపుతో బిగించి మరీ. ఆ ఇంటాయన సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్టు, "రెండూ వేడి గాలే కదా" అన్నాడు. నేను గొట్టం ఊడదీసి తిరగేస్తే లోపల మడత మడతలోనూ బూడిద పేరుకుని ఉంది, ఒకచోట సూది బెజ్జాలు పడ్డాయి. అప్పుడింకేం మాట్లాడలేదు.

పైపు ఎక్కడ తేలాలి అన్నది ఇంకో గొడవ. మాన్యువల్‌లో ఉన్నదే ఫైనల్, మామూలుగా అయితే తెరుచుకునే కిటికీకీ తలుపుకీ పక్కన గానీ కింద గానీ 4 అడుగుల దూరం, వాటికి పైన అయితే కనీసం ఒక అడుగు, నేల నుంచి 12 అంగుళాలు. ఈ 12 అంగుళాలు ఫ్లోరిడాలో సరిపోతాయేమో గానీ ఇక్కడ ఒక్క మంచు తుఫానుకే పైపు మూతి పూడిపోద్ది, మేం ఎత్తుగానే పెడతాం. పైగా ఎల్బోలు ఇష్టమొచ్చినట్టు పెట్టొద్దు, ఒక్క 90 డిగ్రీల మలుపుని సుమారు 5 అడుగుల పైపు కింద లెక్కేస్తాం, మూడు మలుపులు తిప్పారంటే ఫ్యాన్‌కి ఊపిరాడదు.

అపోహ: గాలి ఇంట్లోనే బోలెడు ఉంది, బయట నుంచి పైపెందుకు

ఇది మనోళ్ల ఇళ్లలో మరీ ముఖ్యం, ఎందుకంటే మనకి తాలింపు ఉంది. పోపులో ఎండుమిరపకాయ పడగానే వంటింట్లో హుడ్ ఫ్యాన్ ఫుల్ స్పీడుకి పోద్ది, స్మోక్ అలారం మోగకుండా బాత్రూమ్ ఫ్యాన్ కూడా వేస్తారు. ఆ ఫ్యాన్లన్నీ ఇంట్లో గాలినే బయటికి తోస్తాయి కాబట్టి ఆ లోటు ఎక్కడో ఒకచోట నుంచి పూడాలి, స్టవ్‌కి కావాల్సిన గాలినే అవి లాగేసుకుంటాయి.

ఒకావిడ "రోజూ సాయంత్రం ఏడింటికే మీ స్టవ్ మొరాయిస్తంది, పొద్దున బానే ఉంటది" అని కంప్లైంట్. రెండుసార్లు వెళ్లి అన్నీ చూశా, ఏమీ దొరకలేదు. మూడోసారి "ఆంటీ, మీరు వంట మొదలుపెట్టండి, నేను ఇక్కడే కూర్చుంటా" అన్నా. గుత్తొంకాయ కూరకి ఆవిడ హుడ్ ఆన్ చేసిన రెండు నిమిషాల్లో స్టవ్‌లో మంట పొడుగై, ఎర్రబడి, కొసల్లో నల్లగా పొగ తిరగడం మొదలైంది. హుడ్ ఆపితే మళ్లీ మామూలు. బయట గోడకి రంధ్రం చేసి, స్టవ్‌కి నేరుగా బయటి గాలి తెచ్చే అవుట్‌సైడ్ ఎయిర్ కిట్ పెట్టాం, అంతే, మళ్లీ ఫోన్ రాలేదు. (కూర మాత్రం తిని వచ్చా.)

మొబైల్ హోముల్లో ఈ కిట్ తప్పనిసరి, వాషింగ్టన్ రాష్ట్రంలో మామూలు ఇళ్లకి కూడా బయటి గాలి ఉండాలని రూల్. మిగతాచోట్ల రూల్ లేకపోయినా కొత్తగా కట్టిన టైట్ ఇళ్లకి నేను కిట్ లేకుండా బిగించను, కస్టమర్ అలిగినా సరే.

అపోహ: వెలగకపోతే ఇంకో గుప్పెడు వేసి మళ్లీ నొక్కాలి

మిగతావి మర్చిపోయినా పర్లేదు, ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి. ఇగ్నైటర్ పాడైందనుకోండి, స్టార్ట్ నొక్కిన ప్రతిసారీ ఆగర్ కొన్ని గుళికలు తోస్తది, అవి వెలగవు, మీరు మళ్లీ నొక్కుతారు, ఇంకొన్ని పడతాయి, బర్న్ పాట్ గోపురంలా నిండుద్ది. అప్పుడు ఎక్కడో అడుగున చిన్నగా రాజుకుంటే మంట రాదు, గుళికలు ఉడికినట్టు అయి తెల్లగా, చిక్కగా పొగ పుడతది, పెట్టె మొత్తం ఆ పొగతో నిండుద్ది. ఆ పొగ మండే వాయువే. ఎప్పుడో ఒక నిప్పురవ్వ దానికి తగిలి ఢామ్మంటది. తలుపు గడియ ఊడి తెరుచుకున్న ఇల్లు చూశా, గాజు పగిలిన ఇల్లూ చూశా, అదృష్టం కొద్దీ రెండుచోట్లా ఎదురుగా ఎవరూ కూర్చోలేదు.

ఒకసారి వెలగలేదా, చల్లారనిచ్చి, బర్న్ పాట్ ఖాళీ చేసి, అడుగున బొక్కలు మూసుకుపోయాయేమో చూసి, అప్పుడు మళ్లీ ఒక్కసారి నొక్కండి. మళ్లీ అంతే అయితే మాకు ఫోన్ చెయ్యండి. పెట్టెలో తెల్ల పొగ కమ్ముకుని మంట కనపడకపోతే తలుపు మాత్రం తెరవొద్దు, గాలి తగలగానే అంటుకుంటది. కిరోసిన్, పెట్రోల్ లాంటివి పోసి వెలిగించే ఆలోచన ఎవరికైనా ఉంటే దయచేసి ఎలక్ట్రిక్ హీటర్ కొనుక్కోండి.

ఇదే సందర్భంలో వాక్యూమ్ స్విచ్ సంగతి. తలుపు సరిగ్గా పడకపోయినా, పైపు మూసుకుపోయినా పెట్టెలో పీడనం తేడా వచ్చి ఈ స్విచ్ ఆగర్‌ని ఆపేస్తది. వీడియోలు చూసి ఈ స్విచ్ వైర్లు రెండూ పీకి, మెలేసి, నల్ల టేపు చుట్టేవాళ్లు ఉన్నారు, "స్విచ్ చెడిపోయిందన్నా, బైపాస్ చేశా, ఇప్పుడు సూపర్‌గా నడుస్తంది" అని గర్వంగా చెప్తారు. నేను చూసినవాటిలో ఎక్కువసార్లు స్విచ్ చెడిపోలేదు, దానికి పోయే సన్నని రబ్బరు గొట్టంలో బూడిద ఇరుక్కుంది, లేదంటే పైపే మూసుకుపోయింది. అది చెప్పే నిజం నచ్చక దాని నోరు మూశారు, అంతే.

అపోహ: మంట శుభ్రం కాబట్టి కార్బన్ మోనాక్సైడ్ రాదు

బాగా కాలితే తక్కువే, నిజమే. కానీ బర్న్ పాట్ బొక్కలు మూసుకుని మంట సోమరిగా ఊగుతుంటే కార్బన్ మోనాక్సైడ్ (సీఓ) వస్తది, దానికి రంగు లేదు, వాసన లేదు. ఇంకో విషయం చాలామందికి తెలీదు, గుళికలు వెలిగించకపోయినా సీఓ వదుల్తాయి. చెక్కలోని కొవ్వు పదార్థాలు గాలితో కలిసి మెల్లగా మారేటప్పుడు అది పుడతది. 2006లో స్వీడన్‌లోని హెల్సింగ్‌బోర్గ్ రేవులో పెల్లెట్ల ఓడలో సరుకు గది పక్కనున్న మెట్ల దారిలోకి దిగి ఒక మనిషి చనిపోయాడు. గ్యారేజీలో నాలుగు బస్తాలు పెట్టుకున్నోళ్లు భయపడక్కర్లేదు, మూసేసిన చిన్న గదిలో టన్నుల కొద్దీ వదులుగా పోసుకునేవాళ్లు మాత్రం గాలి ఆడనివ్వకుండా లోపలికి దిగకూడదు.

సీఓ అలారం స్టవ్ ఉన్న గదిలోనూ, పడకగదుల దగ్గరా, ప్రతి అంతస్తులోనూ పెట్టండి. అలారం మోగలేదు కాబట్టి అంతా బాగుంది అనుకోవద్దు, ఇక్కడి స్టాండర్డ్ ప్రకారం గాలిలో సీఓ 70 పీపీఎం (పది లక్షల్లో 70 వంతులు) ఉన్నప్పుడు అది మోగడానికి గంట నుంచి నాలుగు గంటల దాకా పట్టొచ్చు, 400 ఉంటే 4 నుంచి 15 నిమిషాలు. ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి, బయటికి వెళ్తే తగ్గుతుందంటే అలారం కోసం ఎదురుచూడకుండా పిల్లల్ని తీసుకుని బయటికి వచ్చి 911కి కొట్టండి. అలారానికీ ఎక్స్‌పైరీ డేట్ ఉంటది, వెనక తిప్పి చూడండి, మీకన్నా ముందున్న ఓనరు పెట్టింది ఎప్పుడో కాలం చేసి ఉంటది.

అపోహ: కరెంటు పోయినా ఇది ఉందిగా

లేదు. ఫ్యాన్, ఆగర్, బోర్డు అన్నీ కరెంటు మీదే. 2008 డిసెంబర్ ఐస్ స్టార్మ్‌లో ఈ రాష్ట్రంలో 4 లక్షలకి పైగా కనెక్షన్లకి కరెంటు పోయింది, కొందరికి రెండు వారాల దాకా రాలేదు, పెల్లెట్ స్టవ్ నమ్ముకున్నోళ్లు దుప్పట్లలోనే. ఇంకా పెద్ద చిక్కేంటంటే సరిగ్గా మండుతుండగా కరెంటు పోతే ఫ్యాన్ ఆగిపోయి బర్న్ పాట్‌లో మిగిలిన గుళికల పొగ గదిలోకి రావొచ్చు. అందుకే మేం పైపుని గోడలోంచి అడ్డంగా తీసేసి వదలకుండా వీలైతే కొన్ని అడుగులు నిలువుగా లేపుతాం, ఫ్యాన్ లేకపోయినా పొగ ఎంతో కొంత పైకి లాగుద్ది. చిన్న ప్యూర్ సైన్ వేవ్ యూపీఎస్ (బ్యాటరీ బ్యాకప్) పెట్టుకుంటే ఆరిపోయేదాకా ఫ్యాన్ తిరుగుద్ది. జనరేటర్ అయితే ఇంటికి 20 అడుగుల దూరంలో, గ్యారేజీలో కాదు.

ఇదే లాజిక్‌తో, స్టవ్ ఆపాలంటే ప్లగ్ పీకొద్దు. ఆఫ్ నొక్కి ఫ్యాన్ దానంతటది ఆగేదాకా ఆగండి, అరగంట పట్టినా సరే.

అపోహ: బూడిద చల్లారింది, చేత్తో పట్టుకుని చూశా

నివురుగప్పిన నిప్పు అని చిన్నప్పటి నుంచి వింటున్నాం, చేతల్లో మాత్రం పేపర్ సంచిలో ఎత్తి డెక్ మీద పెడతాం. లోపల కణిక రోజుల తరబడి బతికుంటది. మూత గట్టిగా పడే ఇనప బకెట్‌లో వేసి, ఇంటికి దూరంగా, చెక్క డెక్ మీద కాకుండా మట్టి మీదో కాంక్రీటు మీదో పెట్టండి. గ్యారేజీలో వద్దు, ఆ కణికలు కూడా సీఓ వదుల్తాయి. ఇంట్లో కార్పెట్ ఊడ్చే వాక్యూమ్‌తో బూడిద లాగొద్దు, ఒక్క కణిక చాలు, లోపల గాలి తగిలి సంచి అంటుకుంటది.

శుభ్రం చెయ్యడం గురించి: మంచి రకం పెల్లెట్‌లో బూడిద 1 శాతానికి మించదు, అయినా టన్ను కాలిస్తే అదే 20 పౌండ్లు. బర్న్ పాట్ రోజూ గీకాలి, గాజుగడ్డలా అడుగున అతుక్కునే చిట్టెం తీసెయ్యాలి, వెంట్ పైపు టన్నుకోసారి చూడాలి. తలుపులో డాలర్ నోటు పెట్టి మూసి లాగండి, ఈజీగా జారివస్తే గ్యాస్కెట్ మార్చే టైమ్ వచ్చినట్టు.

ఇక మిగిలినవి గబగబా చెప్పేస్తా. పాత ఇటుకల చిమ్నీలోకి పైపు దూర్చేస్తే సరిపోదు, చిమ్నీ లోపల లైనర్ అనే ఇంకో గొట్టం వెయ్యాలి, వేరే పొయ్యితో ఒకే పైపు పంచుకోకూడదు. కట్టెముక్కలు, అట్టపెట్టెలు, పిస్తా తొక్కలు ఇందులో వెయ్యకూడదు. తడిసిన బస్తా మళ్లీ ఎండబెట్టినా పనికిరాదు, పొట్టైపోయి ఆగర్‌లో ముద్ద కడతది. పర్మిట్ తీసుకోండి, ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పండి, చెప్పకుండా బిగించి రేపు ఏదన్నా అయితే మీ క్లెయిమ్‌కి దిక్కుండదు. గాజు తలుపు చుట్టూ చిన్నపిల్లలున్న ఇళ్లలో కంచె పెట్టండి.

ఇంక అందరూ అడిగే ప్రశ్న, ఇడ్లీ పిండి పులవడానికి స్టవ్ పక్కన పెట్టొచ్చా అని. స్టవ్ పైన పెట్టకండి, ముందు మూడడుగుల లోపల ఏమీ పెట్టకండి, పిండి గిన్నె మీద కప్పిన గుడ్డ అయినా సరే. మా ఇంట్లో అదే గదిలో అవతలి గోడ దగ్గర స్టూలు మీద పెడతాం, రాత్రి పెడితే పొద్దున్నకి మూత లేపేస్తది.