మడత ముందు, మిషన్ తరవాత

నెల్లూరు

చిరంజీవులు పెద్దోడికి, చిట్టికి, మీతో పాటు ఆ మిషన్ చుట్టూ మూగుతున్న మీ స్నేహితులందరికీ పెద్దమ్మ ఆశీర్వదించి రాసేది ఏమంటే,

మీ నాన్న కాగితాలు కత్తిరించే మిషన్ కొన్నాడనీ, ఈసారి సంక్రాంతికి చుట్టాలందరికీ తెరిస్తే బొమ్మ లేచి నిలబడే కార్డులు మీరే చేసి పంపుతారనీ ఫోన్లో చెప్పారు. చాలా సంతోషమైంది. మీరు అడిగిన వాటికి ఫోన్లో సగం కూడా చెప్పలేకపోయాను, ఇవి నోటితో చెబితే అర్థమయ్యేవి కావు. అందుకే ఈ ఉత్తరం. స్కేలు, పెన్సిలు, కత్తెర, నాలుగు తెల్ల కాగితాలు పక్కన పెట్టుకుని, చెప్పినట్టు చేస్తూ చదవండి, ఊరికే చదివితే ఒక్క ముక్క బుర్రకెక్కదు.

మొదటి మాట. మొదటి కార్డు మిషన్‌తో చేయొద్దు, చేత్తో చేయండి. మిషన్ అంటే నాకు పడదని కాదు, పది మందికి ఒకే కార్డు పంపాలంటే చేత్తో కోసేసరికి వేళ్ళు పడిపోతాయి, అక్కడ అది దేవుడిలా ఆదుకుంటుంది. కానీ అది చేసేది కోత ఒక్కటే. లోపల ఉండేది పెన్ను ములుకంత బ్లేడు. జిగురున్న మ్యాట్ మీద కాగితం అతికించి పెడితే రోలర్లు ఆ మ్యాట్‌ని ముందుకీ వెనక్కీ లాగుతాయి, బ్లేడు కుడికీ ఎడమకీ పోతుంది, ఈ రెండు కదలికలు కలిసి ఏ వంపు కావాలంటే ఆ వంపు వస్తుంది. బ్లేడు మొన సరిగ్గా నడుమ ఉండదు, కాస్త పక్కకి ఉంటుంది, అందుకే షాపింగ్ మాల్లో ట్రాలీ ముందు చక్రంలా గీత ఎటు తిరిగితే అటు తనంతట తాను తిరుగుతుంది. మీరు గీత ఇస్తే గీతంతా కోస్తుంది. ఆ బొమ్మ లేస్తుందా, కార్డు మూస్తే బయటికి పొడుచుకొస్తుందా, మడత ఎక్కడ పడాలి, ఇవేవీ దానికి తెలియవు. అవి మీకు తెలియాలి, అవి చేతికి తెలిస్తేనే తెలిసినట్టు.

ఇప్పుడు ఒక ఏ4 కాగితం అడ్డంగా సగానికి మడవండి. ఒక్కో సగం 14.8 సెంటీమీటర్లు వస్తుంది. మళ్ళీ తెరిచి, ఒక సగం గోడలా నిలబెట్టి, ఇంకో సగం నేల అనుకోండి. నడి మడత దగ్గర్నుంచి గోడ మీద పైకి 6 సెంటీమీటర్లు, నేల మీద ముందుకి 2 సెంటీమీటర్లు, మొత్తం 8 సెంటీమీటర్ల పొడవున రెండు నిలువు గీతలు గీయండి, రెంటికీ మధ్య 4 సెంటీమీటర్లు ఎడం ఉంచండి. ఆ రెండు గీతలే కోయాలి, అడ్డంగా ఏమీ కోయకూడదు. ఇప్పుడొక పట్టీ వచ్చింది కదా, దానికి గోడ మీద 6 దగ్గర ఒక మడత, నేల మీద 2 దగ్గర ఒక మడత, ఈ రెండూ నడి మడతలాగే లోపలికి. ఇంకోటి గోడ మీద 4 దగ్గర, ఇది మాత్రం బయటికి. పట్టీ మధ్యలో ముందు పడిన నడి మడత గోటితో రుద్ది చదును చేసేయండి, నడి మడత పట్టీకి అటూ ఇటూ మాత్రమే ఉండాలి. మెల్లగా మూసి తెరిస్తే 6 ఎత్తు, 2 లోతు ఉన్న పెట్టె లేస్తుంది.

ఆ 4 ఎక్కడిదో ఆలోచించారా? 6 లోంచి 2 తీసేస్తే 4. పెట్టె పైభాగం 2 ఉండాలి, ముందు గోడ 6 ఉండాలి, పక్క నుంచి చూస్తే మీ లెక్కల పుస్తకంలో సమాంతర చతుర్భుజమే అది, ఎదురెదురు భుజాలు సమానం. ఎత్తులోంచి లోతు తీసేస్తే బయటి మడత ఎక్కడ పడాలో తెలుస్తుంది. అట్లాగే ఎత్తూ లోతూ కలిపితే, కార్డు మూసినప్పుడు ఆ బయటి మడత మొన నడి మడత నుంచి ఎంత దూరం పోతుందో తెలుస్తుంది. మనకి 6, 2 కలిపి 8, కార్డు 14.8, కాబట్టి లోపలే దాక్కుంటుంది. 12 ఎత్తు 4 లోతు పెట్టారనుకోండి, 16 అవుతుంది, మూసిన కార్డులోంచి ముక్క బయటికి కనిపిస్తుంది. ఈ రెండు లెక్కలు వచ్చాయంటే మీకు సగం విద్య వచ్చినట్టే.

జపాన్‌లో మసహిరో చతానీ అని ఒక ఆర్కిటెక్టు ఉండేవారు, టోక్యోలో ప్రొఫెసరు. 1980ల మొదట్లో ఆయన ఈ పద్ధతిని బాగా పెంచారు. ఒకే కాగితం, జిగురు చుక్క లేకుండా, కోతలూ మడతలతోనే పెద్ద పెద్ద భవనాలు లేపేవారు. ఒరిగామిక్ ఆర్కిటెక్చర్ అంటారు దాన్ని, యూట్యూబ్‌లో ఆ పేరుతో వెతకండి, నోరు తెరుచుకుని చూస్తారు.

మనకి అంత పెద్దవి వద్దు, మన రంగనాయకుల గుడి గోపురం చాలు. పెన్న ఒడ్డున మీరు ఎన్నిసార్లు చూసిందో అదే. అంతస్తులన్నీ పెట్టకండి, మొదటిసారికి మూడు చాలు. కింది అంతస్తు 8 సెంటీమీటర్ల వెడల్పు, ఎత్తు 5, లోతు 3. దాని మీదది వెడల్పు 6, నేల నుంచి ఎత్తు 8, లోతు 2. పైది వెడల్పు 4, ఎత్తు 10, లోతు 1. కోతలు ఎట్లాగంటే, కింది అంతస్తు పక్క గీతలు గోడ మీద 5 నుంచి నేల మీద 3 దాకా, రెండో అంతస్తువి గోడ మీద 8 నుంచి 3 దాకా, పైదానివి 10 నుంచి 7 దాకా. బయటి మడతలు 9, 6, 2 దగ్గర పడతాయి, మళ్ళీ 7 దగ్గరా 3 దగ్గరా లోపలి మడతలు, అంటే ఒక అంతస్తు మీద ఇంకో అంతస్తు కూర్చునే చోట్లు. ప్రతి అంతస్తూ గోడకి తగిలే చోట, కింద నేలకి తగిలే చోట లోపలి మడతలు మామూలే. అన్నీ ఎత్తులోంచి లోతు తీసేసే లెక్కే, మీరే సరిచూసుకోండి.

ఇందులో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది కలశాలు. పైన 9 దగ్గర మడత ఉంది కదా, దాని మీద మూడు చిన్న కలశాలు గీసి, వాటి చుట్టూ మాత్రం కోసి, వాటి పాదాల కింద మడత గీత వేయకుండా వదిలేయండి. మిగతా మడత వెనక్కి వాలేసరికి కలశాలు వాలకుండా ముందు గోడతో పాటు నిటారుగా నిలబడతాయి. మొదటిసారి అది చూసినప్పుడు మీ మొహాలు ఎట్లా ఉంటాయో నాకు తెలుసు! పైభాగం లోతు 1 సెంటీమీటరే కాబట్టి కలశాలు అంతకన్నా పొట్టిగా ఉండాలి, పొడుగ్గా గీస్తే వెనక గోడలో బొక్క పడుతుంది.

వీటన్నిటికీ కొత్త కాగితం కొనొద్దు. ఇంట్లో బీరువా పైన పాత శుభలేఖలు కట్టలు కట్టలు ఉంటాయి, అమ్మని అడిగి తీసుకోండి. చేయి తిరగడానికి అంత మంచి అట్ట ఇంకోటి లేదు. ఒకటే చూసుకోండి, మెరుపు పూతో ప్లాస్టిక్ పొరో ఉన్నవి మడత దగ్గర పగిలి లోపలి తెలుపు కనిపిస్తుంది, పూత లేనివి ఏరుకోండి. మడిచే ముందు సిరా అయిపోయిన బాల్ పెన్నుతో స్కేలు పెట్టి గట్టిగా ఒక గీత లాగండి. శుభలేఖలు వేసే ప్రెస్సుల్లో దీన్నే క్రీజింగ్ అంటారు, అది లేకుండా మందపు అట్ట మడిస్తే మడత వంకర పోతుంది. ఇంకో సంగతి, కాగితంలో పీచు ఒక వైపుకి పరుచుకుని ఉంటుంది, ఆ వైపుకి మడిస్తే నున్నగా మడుగుతుంది, అడ్డంగా మడిస్తే గరగరలాడుతుంది. రెండు వైపులా మెల్లగా వంచి చూడండి, ఎటు సులువుగా వంగితే అది పీచు వైపు. నడి మడత ఆ వైపు వచ్చేట్టు కాగితం పెట్టుకోవాలి.

చేతితో చేసింది లేచి నిలబడి, మూస్తే బుద్ధిగా లోపలికి పోయిందంటే, అప్పుడు మిషన్ దగ్గరికి రండి. అవే కొలతలు కంప్యూటర్లో గీయాలి. ఇంక్‌స్కేప్ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఉంది, అందులో గీసి ఎస్‌వీజీ ఫైలుగా దాచుకోండి. మిషన్‌తో వచ్చిన సాఫ్ట్‌వేర్ ఎస్‌వీజీ తీసుకుంటుందో లేదో నాన్నని చూడమనండి. క్రికట్, సిల్హౌట్ అని ఈ మిషన్లు చేసే కంపెనీలు ఉన్నాయి, క్రికట్ వాళ్ళ సాఫ్ట్‌వేర్ డిజైన్ స్పేస్ తీసుకుంటుంది, సిల్హౌట్ వాళ్ళ ఉచిత వెర్షన్ తీసుకోదు, దానికి డబ్బు కట్టి పై వెర్షన్ తీసుకోవాలి. కోతలన్నీ ఒక రంగులో, మడతలన్నీ ఇంకో రంగులో గీయడం ఇప్పుడే అలవాటు చేసుకోండి. మడతల కోసం స్కోరింగ్ స్టైలస్, అంటే కోయకుండా గీత నొక్కే మొద్దు ములుకు, ఉంటే సరే, లేకపోతే ఆ గీతల్ని తెగీ తెగని చుక్కగీతలుగా కోయించవచ్చు, కానీ అట్లా చేస్తే వెలుతురుకి పట్టినప్పుడు చిల్లులు కనిపిస్తాయి, నాకైతే నచ్చదు, చుక్కగీతలు లేకుండా కోయించి మడతలు మీరే పెన్నుతో గీసుకోవడం మేలు.

ప్రతి కొత్త కాగితానికీ ముందు ఒక మూల చిన్న చతురస్రం కోయించి చూడండి. అది చక్కగా ఊడిరాకపోతే బ్లేడు ఒత్తిడి కొంచెం పెంచండి, మ్యాట్ మీద కూడా లోతుగా గాటు పడితే తగ్గించండి. గోపురం మీద చిన్న గూళ్ళు, కిటికీలు పెట్టాలని మీకు ఉబలాటంగా ఉంటుంది, పెట్టండి, కానీ రెండు కిటికీల మధ్య మిగిలే కాగితం 2 మిల్లీమీటర్లకన్నా సన్నగా ఉంటే చిరుగుతుంది. మూలలు చిరుగుతుంటే వేగం తగ్గించండి. కోత అయ్యాక అందరూ కాగితాన్ని పట్టుకుని లాగుతారు, అది చుట్ట చుట్టుకుపోతుంది. మ్యాట్‌ని బోర్లించి, కాగితాన్ని బల్లకి ఆనించి, మ్యాట్‌నే మెల్లగా వెనక్కి వంచుతూ పోండి, కాగితం చదునుగా కింద ఉండిపోతుంది.

మనవైపు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా, సరిగ్గా సంక్రాంతి కార్డులు చేసుకునే రోజులే. ఆ ముసురులో కాగితం చెమ్మ పీల్చుకుని మెత్తబడుతుంది, నిన్న చక్కగా తెగిన కాగితమే ఇవాళ పీచులు పీచులుగా చిరుగుతుంది, మిషన్ పాడైందని టెన్షన్ పడొద్దు. కాగితాలు ప్లాస్టిక్ కవరులో వేసి మూతి గట్టిగా కట్టి ఉంచండి, కోసేటప్పుడే తీయండి. మ్యాట్ మీద దుమ్ము, బట్టల పోగులు పేరుకుంటే గోరువెచ్చని నీళ్ళు, కాస్త సబ్బుతో కడిగి నీడన ఆరబెట్టండి, గుడ్డతో తుడవద్దు, పోగులు అంటుకుంటాయి. వాడనప్పుడు దాని ప్లాస్టిక్ పొర దాని మీద ఉండాలి. బ్లేడు మార్చేది నాన్న మాత్రమే, చిట్టీ, ఇది నీకే చెబుతున్నా.

గోపురం వచ్చేశాక ఒంగోలు గిత్త చేయండి. మీ ఊరి గిత్త మీరు చేయకపోతే ఇంకెవరు చేస్తారు? మన పశువులు బ్రెజిల్ దాకా పోయి అక్కడ వంశం పెంచుకున్నాయి, వాళ్ళు ఆ జాతిని నెల్లూరు పేరుతోనే నెలోర్ అని పిలుస్తారు. దీనికి పద్ధతి వేరు, కార్డు పూర్తిగా పరిచినప్పుడు లేచే రకం. గిత్త ఎదురుగా మన వైపు చూస్తున్నట్టు తల, కొమ్ములు, మూపురం ఒకే ముక్కగా కోసి, సరిగ్గా నడుమ నిలువుగా మడవండి. అడుగున రెండు వైపులా ఒక సెంటీమీటరు అంచు వదిలి వెనక్కి మడిచి, ఒకటి నడి మడతకి ఎడమన, ఒకటి కుడిన, రెండూ ఒకే వాలులో, ఇంగ్లీషు వీ అక్షరంలా అతికించండి. వాలు ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ అయితే గిత్త మెడ తిప్పుతుంది. అందుకని జిగురు పెట్టే ముందు టేపుతో అంటించి మూసి తెరిచి చూడండి. నీళ్ళ జిగురు కాగితాన్ని అలలు అలలుగా చేస్తుంది, డబల్ సైడ్ టేపే వాడండి. మూపురం ఎత్తుగా పెట్టడం మరచిపోకండి, అది లేకపోతే అది మామూలు ఎద్దు.

ఇంటర్నెట్లో వేల ఫైళ్ళు దొరుకుతాయి, చూసి నేర్చుకోండి, తప్పులేదు. కొన్నిటి మీద సొంతానికి మాత్రమే వాడుకోవాలని రాసి ఉంటుంది, అవి చేసి స్కూల్ మేళాలో అమ్మకండి. ఎవరో మంచులో నిలబెట్టిన క్రిస్మస్ చెట్టు మనం సంక్రాంతికి మీ మామయ్యకి పంపితే ఏం బాగుంటుంది? గొబ్బెమ్మ, కొబ్బరాకు పందిరి, పులికాట్ ఫ్లెమింగో, ఇన్ని ఉన్నాయి మనకి.

అచ్చువేసిన మొదటి క్రిస్మస్ కార్డు 1843లో లండన్‌లో హెన్రీ కోల్ అనే ఆయన వేయించారు, హోర్స్లీ అనే చిత్రకారుడు బొమ్మ గీశారు. అందరికీ ఉత్తరాలు రాసే తీరిక లేక ఆ పని చేశారట. మీకు తీరిక ఉంది కాబట్టి కార్డు మీద రెండు వాక్యాలైనా చేతిరాతతో రాయండి, లోపలంతా బొమ్మే కాబట్టి రాయడానికి గోడ వెనక భాగం వదలండి.

పోస్టు సంగతి. ఏ0 కాగితం ఒక చదరపు మీటరు, అందులో 16 ఏ4లు వస్తాయి. జీఎస్ఎం అంటే చదరపు మీటరుకి ఎన్ని గ్రాములనే కదా, అంటే 240 జీఎస్ఎం అట్ట ఏ4 ఒక్కటి 15 గ్రాములు. లోపలిదొకటి, పైన అట్టగా ఇంకోటి పెడితే 30, దాని మీద కవరు బరువు. కాబట్టి మామూలు ఉత్తరానికి అంటించే స్టాంపు సరిపోదు, మొదటిది పోస్టాఫీసుకి తీసుకెళ్ళి తూకం వేయించి, అదే స్టాంపు మిగతా వాటికీ అంటించండి. కవరు మీద మీ చిరునామా కూడా రాయండి, పిన్‌కోడుతో సహా.

నాకు గిత్త కావాలి. శుభలేఖ అట్టతో చేసిందైనా పర్లేదు.

ఇట్లు,
మీ పెద్దమ్మ