అప్పు కాని సాయం: గ్రామీణ ఉపాధి పథకాల్లో వెనకబడిన సగం

ఊళ్లో చిన్న వ్యాపారం పెట్టుకునేవాళ్లకు ప్రభుత్వం ఏమిస్తుందని అడిగితే ముందు లోన్ అంటారు, వెంటనే సబ్సిడీ అంటారు. పని నేర్పడం, పనిముట్లు మార్చడం, సరుకు నాణ్యత చూడటం, లెక్కలు రాయించడం, కొనేవాణ్ని వెతికిపెట్టడం, పదిమందిని కలిపి సంఘంగా నిలబెట్టడం అనే పనులు ఎవరికీ చప్పున గుర్తురావు. కానీ మన దేశంలో గ్రామాలకు మొదట వెళ్లింది ఇవే. అప్పు పెద్ద ఎత్తున వచ్చింది తర్వాత. వచ్చాక ఇవి దాని తోకగా మిగిలిపోయాయి. కారణం మరీ లోతైనదేం కాదు. అప్పుకు వడ్డీ వస్తుంది, ఎంత ఇచ్చారో రిజిస్టరులో కనిపిస్తుంది. రుణేతర సాయానికి వడ్డీ రాదు, ఫలితం రెండు మూడేళ్లకు గానీ తేలదు. అందుకే ఈ చరిత్ర పొడుగునా తెగని ప్రశ్నలు రెండు: దీని ఖర్చు ఎవరు పెట్టుకోవాలి, దేన్ని లెక్కపెట్టాలి.

1952 అక్టోబరు 2న 55 ప్రాజెక్టు ప్రాంతాల్లో సమాజ వికాస పథకం మొదలైంది. మరుసటి ఏడాది జాతీయ విస్తరణ సేవ వచ్చింది. ఊరూరా తిరగాల్సిన గ్రామసేవకుడి మీద వ్యవసాయం, పశువులు, పారిశుద్ధ్యం, కుటీర పరిశ్రమ అన్నీ పడ్డాయి. అన్నీ ఒక్కడి మీద పడితే ఏదీ పూర్తిగా జరగదు, అదే జరిగింది. చిన్న పరిశ్రమల వైపు మాత్రం ఇంకాస్త పద్ధతిగా కదిలారు. 1954లో ఫోర్డ్ ఫౌండేషన్ పంపిన నిపుణుల బృందం చిన్న ఉత్పత్తిదారులకు కావలసింది సాంకేతిక సలహా, డిజైన్, అమ్మకం అని చెప్పింది. చిన్న పరిశ్రమల సేవా సంస్థలు ఆ సిఫారసు మీదే పుట్టాయి. 1955లో జాతీయ చిన్న పరిశ్రమల కార్పొరేషన్, 1957లో ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ వచ్చాయి. సలహాదారులకు శిక్షణ ఇవ్వడానికి ఢిల్లీలో పెట్టిన సంస్థ 1962లో హైదరాబాద్‌కు మారి సీయెట్ (చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థ) అయింది. ఇప్పుడు యూసఫ్‌గూడలో ఎన్ఐ-ఎంఎస్ఎంఈ (జాతీయ సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల సంస్థ) అని పిలిచేది దాన్నే.

సీయెట్ కేంద్రంగా జరిగిన ఒక ప్రయోగం గురించి తెలుగువాళ్లలో చాలామందికి తెలియదు. హార్వర్డ్ మనస్తత్వవేత్త డేవిడ్ మెక్లెలాండ్ 1964లో కాకినాడ వ్యాపారులను బృందాలుగా హైదరాబాద్ రప్పించి, పది రోజుల చొప్పున శిక్షణ ఇప్పించాడు. అప్పు ఇవ్వలేదు, యంత్రం ఇవ్వలేదు. బొమ్మలు చూపించి కథలు రాయించడం, ఎంత దూరం నుంచి రింగు విసరాలో ఎవరికి వాళ్లను నిర్ణయించుకోమనడం, రాబోయే రెండేళ్లకు తమ వ్యాపారంలో ఏం చేస్తారో కాగితం మీద పెట్టించడం, అంతే. పోల్చి చూడటానికి శిక్షణ లేని రాజమండ్రిని పెట్టుకున్నారు. తర్వాతి రెండేళ్లలో శిక్షణ పొందినవాళ్లలో కొత్త పెట్టుబడి, కొత్త ఉద్యోగాలు ఎక్కువ కనిపించాయి. ఆ ఫలితాల మీద తర్వాత వాదోపవాదాలు చాలా నడిచాయి. అయినా 1970 ప్రాంతంలో గుజరాత్‌లో మొదలై దేశమంతా పాకిన వ్యాపార ప్రేరణ శిక్షణలకు మూలం ఇదే. ఒక చిక్కు మాత్రం అక్కడే మొదలైంది. కాకినాడకు చెందిన ఆ శిక్షితులు అప్పటికే దుకాణాలు, మిల్లులు నడుపుతున్నవాళ్లు. అదే పాఠాన్ని చేతిలో ఏ వ్యాపారమూ లేని కూలి కుటుంబాలకు చెప్పడం మొదలుపెట్టాక ఫలితం మారింది.

1978 మే 1న జిల్లా పరిశ్రమల కేంద్రాలు తెరిచారు. అదే కాలంలో పేద కుటుంబాలకు ఉపాధి సాధనాలు సమకూర్చే ఐఆర్డీపీ (సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకం) మొదలై 1980 అక్టోబరు 2 నాటికి దేశంలోని అన్ని బ్లాకులకూ విస్తరించింది. ఆట మారింది ఇక్కడే. చిన్న రైతుకు 25 శాతం, సన్నకారు రైతుకు, కూలీకి మూడో వంతు, ఎస్సీ ఎస్టీలకు 50 శాతం సబ్సిడీ, మిగతాది బ్యాంకు అప్పు. బ్లాకుకు ఇన్ని కుటుంబాలని టార్గెట్ పెట్టారు. మార్చి నెలాఖరులోగా ఆ అంకె చేరాలి. గేదె ఇచ్చారు. పచ్చిమేత ఎక్కణ్నుంచి వస్తుంది, పాలబండి ఆ ఊరికి వస్తుందా, చూడి నిలవకపోతే పశువైద్యుడు ఎంత దూరంలో ఉన్నాడు అనేవి ఎవరి పనీ కాలేదు. గేదె వట్టిపోయే నాలుగైదు నెలలు కిస్తు ఆగదు. రెండో గేదె లేకుండా ఒక్క గేదెతో పాడి నిలవదని ఏ పశుపోషకుణ్ని అడిగినా చెబుతాడు. పథకం అడగలేదు.

శిక్షణ లేదన్న లోటు తీర్చడానికే 1979 ఆగస్టు 15న ట్రైసెమ్ (గ్రామీణ యువతకు స్వయం ఉపాధి శిక్షణ పథకం) తెచ్చారు. 18 నుంచి 35 ఏళ్లవాళ్లు, బ్లాకుకు ఏటా 40 మంది. ఇక్కడ కూడా లెక్కపెట్టింది ఎంతమందికి నేర్పారన్నదే. నేర్పేవాడు దగ్గర్లో దొరికే పనినే నేర్పడం వల్ల బ్లాకు బ్లాకుకీ కుట్టుపని బ్యాచ్‌లు నడిచాయి. ఒక ఊళ్లో జాకెట్లు కుట్టించుకునేవాళ్లు ఎందరో ముందు చూడకుండా పదిమందికి మిషన్లు ఇస్తే, ఇద్దరికి పని దొరుకుతుంది, ఎనిమిది మిషన్లు మూలన పడతాయి. ఇప్పటికీ ఈ రోగం వదల్లేదు. 1992లో చేతివృత్తులవాళ్లకు మెరుగైన పనిముట్లు ఇచ్చే సిట్రా వచ్చింది. ఈ వరుసలో కాస్త నేల మీద నిలబడి ఆలోచించిన పథకం అదేనని చెప్పొచ్చు.

తెలుగు నేల మీద మరో పాయ విడిగా నడిచింది. 1982లో 50 జిల్లాల్లో మొదలైన మహిళా సంఘాల పథకం డ్వాక్రాలో సంఘానికి ఇచ్చింది 15 వేల రూపాయల రివాల్వింగ్ ఫండ్. ఆ సొమ్ము కంటే ఎక్కువ కాలం నిలిచింది పదిహేనుమంది ఆడవాళ్లు ఒకచోట కూర్చోవడమనే అలవాటు. నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం ఆ అలవాటుకు బలం తెచ్చింది. సారా మీద పోయే డబ్బులో రోజుకో రూపాయి పొదుపుగా మారింది. 1995లో వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం, ప్రభుత్వ రిజిస్ట్రార్ పెత్తనం లేకుండా సంఘాలు నడుపుకునే దారి చూపింది. 2000లో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్) ఏర్పడి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్, అనంతపురం, చిత్తూరు, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వెలుగు అనే పేదరిక నిర్మూలన ప్రాజెక్టు మొదలైంది. తర్వాత దానికే ఇందిరా క్రాంతి పథం (ఐకేపీ) అని పేరు మార్చారు. సంఘాలు గ్రామ సమాఖ్యగా, అవి మండల సమాఖ్యగా, ఆపైన జిల్లా సమాఖ్యగా కలిశాయి. బయటి అధికారి బదులు, తన ఊళ్లో సంఘం నడిపిన మహిళే పక్క జిల్లాకు వెళ్లి పదిహేను రోజులుండి సంఘం కట్టించే సీఆర్పీ (కమ్యూనిటీ రిసోర్స్ పర్సన్) పద్ధతి ఇక్కడే పదునెక్కింది. 2011లో మొదలైన జాతీయ గ్రామీణ జీవనోపాధి మిషన్ ఈ పద్ధతినే దేశమంతటికీ తీసుకెళ్లింది.

సమాఖ్యలు చేసిన రుణేతర పనుల్లో వడ్ల కొనుగోలు అందరికీ కనిపించేది. ఇప్పటికీ రైతులు ‘ఐకేపీ సెంటర్’ అనే అంటారు. పైకి తూకమేసి పంపడంలా కనిపిస్తుంది గానీ, లోపల ప్రతి మెట్టులోనూ జాగ్రత్త కావాలి. తేమ 17 శాతం దాటకూడదు. రైతు కోత మిషన్‌తో కోయించి నేరుగా కల్లానికి తెస్తే తేమ అంతకంటే ఎక్కువే ఉంటుంది. టార్పాలిన్లు సరిపడా ఉంటే ఆరబెడతారు, లేకపోతే రోడ్డే కల్లం. తాలు, మట్టి పోవడానికి తూర్పారపట్టే యంత్రం కావాలి. తేమ మీటరు, కాంటా సీజన్‌కు ముందే సరిచూసుకోవాలి. గోనెసంచులు, లారీ, మిల్లు కేటాయింపు ఒకే రోజుకు కుదరాలి, మూడింట్లో ఒకటి జారినా కుప్పలు పేరుకుపోతాయి. ఒక రాత్రి వాన పడితే తేమ మళ్లీ పెరుగుతుంది, మిల్లరు తరుగు పేరుతో బస్తాకు కిలో, రెండు కిలోలు కోస్తాడు, ఆ గొడవ సెంటర్ నడిపే మహిళల మీద పడుతుంది. ఇన్ని చిక్కులున్నా మద్దతు ధర కాగితం మీద నుంచి ఊరి కల్లానికి దిగింది ఈ కేంద్రాల వల్లే. కొనుగోలు మీద వచ్చే కమీషన్ సమాఖ్యకు సొంత ఆదాయమైంది. తన ఖర్చు తాను సంపాదించుకున్న రుణేతర సేవలు చాలా తక్కువ, వాటిలో ఇదొకటి.

రెండోది ఖర్చు తగ్గించే దారి. అప్పటి ఖమ్మం జిల్లా పునుకుల రైతులు పత్తిలో పురుగుమందులు మానేసి చూపించాక, సమాఖ్యలు పురుగుమందులు లేని వ్యవసాయాన్ని ఊరూరికీ పట్టుకెళ్లాయి. అయిదు కిలోల వేపగింజల పప్పు దంచి, రాత్రంతా నానబెట్టి, వడకట్టి, వంద లీటర్ల ద్రావణంగా చేసి సబ్బునీరు కలిపి సాయంత్రం పూట కొట్టాలి. గింజ పాతబడి బూజు పడితే పనిచేయదు. పురుగు పెద్దదయ్యాక కొట్టినా పనిచేయదు. అందుకే ద్రావణం నేర్పడం కంటే వారం వారం చేలోకి దిగి గుడ్లు, పిల్ల పురుగులు చూడటం నేర్పడం ముఖ్యమని తేలింది. ఆ చూసే మనిషి ఊళ్లో ఉన్నంతకాలం పద్ధతి నిలిచింది. జీతం ఆగి అతను మానేసిన చోట రెండు సీజన్లలో మళ్లీ మందుల షాపు దారే పట్టారు.

విశాఖ మన్యంలో తపసి చెట్టు బంక సంగతీ చెప్పుకోవాలి. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ఈ బంక కొంటుంది. గొడ్డలితో లోతుగా గాటు పెట్టడం వల్ల చెట్టు చచ్చేది, కారిన బంకలో బెరడు, మట్టి కలిసేవి, ధర పడిపోయేది. చిన్న కత్తితో పైపొర మాత్రమే గీయడం, బంక నేల మీద పడకుండా పట్టడం, నీడన ఆరబెట్టి రంగును బట్టి గ్రేడులు వేయడం నేర్పారు. అప్పు ఒక్క రూపాయి పెరగకుండానే ధర పెరిగింది.

అప్పు ఒక్కటే చాలదని అప్పు ఇచ్చేవాళ్లకే అంకెల్లో తెలిసిన సందర్భం కూడా హైదరాబాద్‌దే. 1996లో విజయ్ మహాజన్ నాయకత్వంలో మొదలైన బేసిక్స్ అనే సూక్ష్మరుణ సంస్థ, అయిదేళ్లకు తన ఖాతాదారుల మీద అధ్యయనం చేయించింది. చాలాసార్లు అప్పు తీసుకున్నవాళ్లలో ఆదాయం పెరిగింది 52 శాతానికే. మిగతావాళ్లలో కొందరికి మార్పు లేదు, కొందరికి తగ్గింది. కారణాలు మూడు తేలాయి: నష్టానికి రక్షణ లేకపోవడం, దిగుబడి తక్కువ, అమ్మేటప్పుడు ధర రాకపోవడం. అప్పటి నుంచి ఆ సంస్థ అప్పుతో పాటు సాగు, వ్యాపార సేవలు, సంఘాలను నిలబెట్టడం కూడా చేపట్టింది. కొన్ని సేవలకు రైతు దగ్గర ఫీజు తీసుకుంది. మిగతా సూక్ష్మరుణ సంస్థలు ఆ బరువు ఎత్తుకోలేదు. వేగంగా అప్పులిచ్చి, వారం వారం వసూలు చేసి పెరిగాయి. 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చాక వసూళ్లు ఆగిపోయినప్పుడు, బేసిక్స్ కూడా వాటితో పాటే మునిగింది. సేవలు ఇచ్చినవాళ్లకూ ఇవ్వనివాళ్లకూ తేడా చూడలేదు ఆ వరద.

శిక్షణ తర్వాత మనిషిని వదిలేయకూడదన్న ఆలోచనకు పునాది 1982లో కర్ణాటకలోని ఉజిరెలో పడింది. ధర్మస్థల ట్రస్టు, సిండికేట్, కెనరా బ్యాంకులు కలిసి పెట్టిన రుడ్‌సెటీ (గ్రామీణాభివృద్ధి, స్వయం ఉపాధి శిక్షణ సంస్థ) నమూనానే తర్వాత జిల్లాకొక ఆర్‌సెటీ అయింది. రాష్ట్రం స్థలం ఇస్తుంది, కేంద్రం భవనానికి డబ్బిస్తుంది, జిల్లాలో బ్యాంకుల పనిని సమన్వయం చేసే లీడ్ బ్యాంకు నడుపుతుంది. సుమారు ముప్పై మందితో బ్యాచ్, భోజనం వసతి ఉచితం, ఆపైన రెండేళ్లు వెంట ఉండాలని నియమం. కోర్సులో అన్నిటికంటే తొందరగా దాటేసే భాగం మార్కెట్ సర్వే. ఒక పూట బజారుకు తీసుకెళ్లి తెస్తారు. లెక్క కట్టడంలో దాని ఫలితం బయటపడుతుంది. పచ్చళ్ల యూనిట్‌లో మామిడికాయ, నూనె, కారం లెక్కలోకి వస్తాయి. సీసా, లేబుల్, ఆటో ఖర్చు, పగిలిన సీసాలు, దుకాణదారు మార్జిన్, నెల తర్వాత వచ్చే బాకీ, తన సొంత కూలి రావు. ఇవన్నీ వేస్తే చాలా యూనిట్లు మొదటి రోజే నష్టంలో ఉంటాయి. 2016లో మొదలైన స్టార్టప్ విలేజ్ పథకం ఈ ఖాళీ పూడ్చడానికే బ్లాకు స్థాయిలో, నెలనెలా దుకాణానికి వెళ్లి పుస్తకం చూసే స్థానిక సలహాదారులను పెట్టింది. వాళ్ల జీతం ప్రాజెక్టు అయిపోయాక వ్యాపారులిచ్చే ఫీజుతో నడవాలని అనుకున్నారు. నెలకు నాలుగైదు వేలు మిగిలే కిరాణా కొట్టు సలహాకు ఎంత ఫీజు ఇవ్వగలదు?

జీతం ప్రశ్న యానిమేటర్ల విషయంలోనూ ఇలాగే తిరిగింది. సంఘాల పుస్తకాలు రాసేవాళ్లకు సంఘాలే చెల్లించాలన్నది మొదటి ఏర్పాటు. పైనుంచి వచ్చే సర్వేలు, యాప్ ఎంట్రీలు, పథకాల ప్రచారం అన్నీ వాళ్ల నెత్తిన పడ్డాక, ప్రభుత్వ పని చేస్తున్నాం కాబట్టి ప్రభుత్వమే వేతనం ఇవ్వాలని ఏళ్ల తరబడి ధర్నాలు చేశారు. గౌరవ వేతనం వచ్చింది. దాంతో పాటే వాళ్లు జవాబు చెప్పాల్సిన చోటు సంఘం నుంచి ఆఫీసుకు జరిగింది.

ఇప్పుడు ఇదే లెక్క రైతు ఉత్పత్తిదారుల కంపెనీల (ఎఫ్‌పీఓల) దగ్గరికి వచ్చింది. 2002 చట్ట సవరణతో ప్రొడ్యూసర్ కంపెనీ అనే రూపం దొరికింది. 2020లో పదివేల ఎఫ్‌పీఓల పథకం మొదలైంది. మైదాన ప్రాంతంలో కనీసం 300 మంది రైతులు ఉండాలి. నిర్వహణకు మూడేళ్లకు కలిపి 18 లక్షల దాకా, వాటాధనానికి జోడింపుగా రైతుకు 2,000 చొప్పున గరిష్ఠంగా 15 లక్షలు ఇస్తారు. సీఈఓకు నెలకు 25 వేలు, అకౌంటెంటుకు 10 వేలు దాకా ఇందులోంచే. మూడో ఏడు దాటేసరికి ఆ జీతాలు కంపెనీ లాభంలోంచి రావాలి. ఎరువులు, విత్తనాల మీద మిగిలే మార్జిన్ సన్నం కాబట్టి ఆ 35 వేలు తేవాలంటే నెలకు పది పన్నెండు లక్షల అమ్మకం ఉండాలి. ఎక్కువ చోట్ల అది లేదు. ముందు సీఈఓ వెళ్తాడు, తర్వాత అకౌంటెంటు. ఏటా కంపెనీల రిజిస్ట్రార్‌కు దాఖలు చేయాల్సిన పత్రాలు ఆగుతాయి, ఒక్కో ఫారానికి రోజుకు వంద రూపాయల చొప్పున అదనపు రుసుము పడుతూ పోతుంది. కొన్ని జిల్లాల్లో నాలుగైదు ఎఫ్‌పీఓలు కలిసి ఒకే అకౌంటెంటును పెట్టుకుని ఖర్చు పంచుకుంటున్నాయి. పథకం మార్గదర్శకాల్లో ఆ ఏర్పాటుకు విడిగా పద్దు లేదు.